పక్షుల వెంట మన్ననూరుకు వచ్చిన సలీం అలీ

మా కళాశాల విద్యార్థులలో పలువురు అచ్చంపేట, అమ్రాబాదు ప్రాంతముల నుండి వచ్చినవారే. ఒకనాడు తరగతిలో వారి వారి ఊళ్ళలో కనబడు పక్షుల పేర్లు చెప్పుమని అడిగినాను. కాకి, పిచ్చుక, చిలుక, గువ్వ, పాలపిట్ట, నెమలి. ఇంతతో జాబితా ముగిసినది. చివరి బల్ల మీద కూర్చుండు ఒక విద్యార్థి మాత్రము, వెదుళ్ళు పూచి గింజ పట్టిన యేడు ఎర్రతల పిచ్చుకలు గుంపులుగా దిగునని తన తాత చెప్పుచుండెడివాడని మెల్లగా అన్నాడు. తరగతిలో నవ్వులు చెలరేగినవి. పిచ్చుకకు ఎర్రతల యెక్కడిదని వారి పరిహాసము. ఆ విద్యార్థి ఆనాడు మరల నోరు మెదపలేదు.

ఆ తాత చెప్పినది అక్షరాలా నిజము. ఆ ఎర్రతల పిచ్చుక నిజమునకు పిచ్చుక జాతిది కాదు. అది ఫించ్ అనబడు గింజలు తిను పక్షుల కుటుంబములో ఒకటి. హిమాలయములలోను, మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతములలోను వేసవిలో గుడ్లు పెట్టి, చలికాలమున మన దక్కను పీఠభూమి వరకు దిగివచ్చును. చైనా, జపాను అడవులలో చెర్రీ పండ్ల టెంకలను సైతము కొరికి పగులగొట్టు మందముక్కు పక్షులు కూడ దీని దాయాదులే. ఊరపిచ్చుకంత ఉండు ఈ పక్షిలో మగదాని తల, రొమ్ము, నడుము ఎర్రగా గులాబి వన్నెలో మెరయును. ఆడుది గోధుమ చారల సాదా పక్షి. మగపిల్ల కూడ మొదటి సంవత్సరము తల్లివలెనే ఉండును గనుక గుంపులో పదింటికి ఒకటి రెండు మాత్రమే ఎర్రగా కనబడుట కద్దు. పట్నపు కన్ను అందుకే వీటిని ఊరపిచ్చుకలని దాటిపోవును. నెల్లూరులో వైద్యుడుగా ఉండిన జెర్డన్ దొర 1862-64 సంవత్సరములలో వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథములో దీనికి తెలుగువారి నోట విన్న పేరును కూడ వ్రాసి పెట్టినాడు. ఆ పేరు వెదురు పిచ్చుక. పేరు పెట్టినవారు పండితులు కారు, వెదురుపొదల వద్ద దీనిని చూచిన అడవి మనుష్యులు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మన పెరటి అడవిని మందుగా గుర్తించి, వెదకికొనుచు బొంబాయి నుండి వచ్చిన మనిషి ఒకరున్నారు. ఆయన 1931-32 సంవత్సరములలో నిజాము రాజ్యమంతట తిరిగి, మన మన్ననూరు, ఫరహాబాదు అడవులలో గుడారము వేసికొని పక్షులను లెక్కించినారు. ఆయనే సలీం అలీ. ఈ వ్యాసము ఆయన జీవితమును గూర్చినది.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబములో జన్మించినారు. సంతానములో అందరికంటె చిన్నవాడు. ఏడాది నిండగానే తండ్రి, మూడేండ్లకు తల్లి కన్నుమూసినారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, సంతానము లేని ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను ఖేత్వాడీలోని తమ యింటికి తెచ్చుకొని పెంచినారు. ఉప్పు సత్యాగ్రహమున గాంధీజీ అరెస్టయిన పిమ్మట నాయకత్వము వహించిన అబ్బాస్ త్యాబ్జీ కూడ వీరికి మామయే. మేనమామ అమీరుద్దీన్ వేటప్రియుడు. ఆ యింట పిల్లవానికి అబ్బిన మొదటి విద్య కూడ వేటయే.

అందరు చెప్పుకొను కథ 1908 నాటిది. మేనమామ కొనియిచ్చిన గాలితుపాకితో ఆ బాలుడు ఒక పిచ్చుకను కొట్టినాడు. చేతికి తీసికొని చూడగా దాని గొంతు మీద పసుపు మచ్చ కలదు. ఇదేమి పిచ్చుక యని మేనమామను అడిగినాడు. ఆయనకు తెలియలేదు. తెలియదని ఒప్పుకొని, తెలిసినవారి వద్దకు ఉత్తరము వ్రాసి యిచ్చి పంపినాడు. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన పాత్ర ఆ మేనమామయే. ఏదో ఒక పేరు చెప్పి పిల్లవానిని పంపివేయుట ఆయనకు ఎంత సులభము! ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నేను ఎన్నిమార్లు అట్లు చేసియుంటినో తలచుకొన్న సిగ్గు కలుగును.

ఆ ఉత్తరము బొంబాయి ప్రకృతి శాస్త్ర సంఘము కార్యదర్శి మిల్లార్డ్ దొరకు చేరినది. ఆ సంఘము 1883లో స్థాపితమైనది. తెల్లవారి సంస్థ మెట్లు ఎక్కుటకు ఆ పిల్లవాడు జంకినాడట. మిల్లార్డ్ ఆ పక్షిని పసుపుగొంతు పిచ్చుకగా గుర్తించి, సొరుగులు తెరచి వరుసలుగా అమర్చిన పక్షుల తోళ్ళను చూపినాడు. ఒక్క పక్షికి ఇన్ని తీరులా యని ఆ పిల్లవాడు విస్తుపోయినాడు. ఈ పసుపుగొంతు పిచ్చుకను మన ప్రాంతములలో అడవి పిచ్చుక, కొండ పిచ్చుక అని పిలుచుట కలదు. చెట్టుతొర్రలలో గూడు పెట్టును, గింజలు తినును, ఇప్పపూల తేనెను త్రాగును. ఇప్పచెట్టు క్రింద తెల్లవారుజామున నిలుచున్నవారికి దీనిని చూపించుట కష్టము కాదు.

చదువులో సలీం ఏమంత చురుకైనవాడు కాడు. తలనొప్పులతో బాధపడి కొంతకాలము సింధులో బంధువుల యింట ఉండవలసి వచ్చినది. 1913లో మెట్రిక్యులేషన్ ఎట్లో గట్టెక్కినాడు. కళాశాలలో లెక్కలు తల తినగా చదువు విడిచి 1914లో బర్మాలోని తవాయి ప్రాంతమునకు పోయినాడు. అక్కడ అన్నగారు టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారము చేయుచుండిరి. కూటి కొరకు కోటి విద్యలన్నట్లు వ్యాపారము నేర్చుటకు పోయినవాడు అడవిని నేర్చినాడు. హాప్‌వుడ్, రిబ్బెన్‌ట్రాప్ అను అటవీ ఉద్యోగుల సాంగత్యము లభించినది. 1917లో తిరిగివచ్చి బొంబాయిలో వాణిజ్య విద్యలో చేరగా, సెయింట్ జేవియర్ కళాశాలలోని ఫాదర్ బ్లాటర్ ఆయన మనసు కనిపెట్టి జంతుశాస్త్రము చదువుమని ప్రోత్సహించినాడు. 1918లో తెహ్మీనా బేగంతో వివాహమైనది. బర్మా వ్యాపారము చివరకు మునిగిపోయినది.

అప్పటికి ఆయనకు విశ్వవిద్యాలయ పట్టము లేదు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగము ఆ పట్టము లేనందుననే చేజారినది. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియములో వచ్చినవారికి ప్రదర్శనములు వివరించి చెప్పు ఉద్యోగము నెలకు 350 రూపాయల జీతముతో దొరికినది. రెండేండ్లకే ఆ పనిపై విసుగు పుట్టి సెలవు పెట్టి జర్మనీకి పోయినాడు. బెర్లిను జంతుశాస్త్ర మ్యూజియములో ఎర్విన్ ష్ట్రేజెమాన్ అను మహాపండితుడు ఈ డిగ్రీ లేని భారతీయుని ఆదరముతో చేరదీసి, బర్మా నుండి వచ్చిన పక్షుల తోళ్ళను పరిశీలించు పని అప్పగించినాడు. తన గురువు ఎవరని అడిగినవారికి సలీం అలీ జీవితాంతము చెప్పిన పేరు ఆయనదే. పక్షుల కాళ్ళకు ఉంగరములు తొడిగి వాటి రాకపోకలు తెలిసికొను పద్ధతిని జర్మనీ ఉత్తర తీరమున హెలిగోలాండ్ ద్వీపములో నేర్చినాడు.

1930లో స్వదేశమునకు వచ్చుసరికి ఆయన ఉద్యోగమే లేకుండ పోయినది. డబ్బు లేదని ఆ పదవిని రద్దు చేసినారు. వయస్సు 33 సంవత్సరములు. చేతిలో పట్టము లేదు, జీతము లేదు. మన విద్యార్థులలో పరీక్ష తప్పినంతనే లోకము ముగిసినదనుకొనువారు ఈ సంవత్సరమును కొంచెము నిలిచి చూడవలెను. భార్యాభర్తలు ఖర్చు తగ్గించుకొనుటకు బొంబాయి ఎదుటి తీరమున కిహీం అను పల్లెలోని యింటికి మారినారు. ఆ యింటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్ళు గూళ్ళు కట్టుచుండెను.

గిజిగాడు మనకు క్రొత్త పక్షి కాదు. మన పాలమూరు బావుల మీద వాలిన ఈతచెట్టుకు వ్రేలాడు గూళ్ళను చూడనివారెవ్వరు? జాషువా మహాకవి దాని మీద పద్యములు చెప్పినారు. గూటిలో మట్టిముద్దకు మిణుగురు పురుగును అంటించి దీపము పెట్టుకొనునని మన పెద్దలు చెప్పుదురు. సలీం అలీ ఆ కథను నమ్మనూలేదు, త్రోసివేయనూలేదు. నిచ్చెన మీద గుడ్డ మరుగు కట్టుకొని, నెలల తరబడి గూళ్ళకు ఎదురుగా కూర్చుండినారు. ఆయన చూచినది ఇది. మగపక్షి గూటిని సగము వరకు, శిరస్త్రాణము ఆకారము వచ్చువరకు అల్లి ఆపును. అప్పుడు ఆడుపక్షులు గుంపుగా వచ్చి గూళ్ళను పరీక్షించును. నచ్చిన గూటిని ఒక ఆడుపక్షి స్వీకరించిన పిమ్మటనే మగది మిగిలిన గూటిని, క్రిందికి దిగు గొట్టమును పూర్తిచేయును. ఆడుది గుడ్లు పెట్టగానే మగది ప్రక్కనే రెండవ గూటిని ఆరంభించి రెండవదానిని ఆహ్వానించును. ఆ గూడు నచ్చనిచో అది సగములోనే వ్రేలాడును. చెట్టునిండ ఆ సగము గూళ్ళు కనబడును. అవి తిరస్కృతమైన గూళ్ళని ఆయన నిరూపించినారు. ఉద్యోగము పోయిన మనిషి చేసిన ఆ పని ఆయనకు ప్రపంచ పక్షిశాస్త్రమున మొదటి కీర్తి తెచ్చినది.

గింజలు తిను పక్షులన్నియు రైతుకు శత్రువులను అభిప్రాయమును కూడ ఆయన జీవితమంతయు పరీక్షించుచునే ఉండిరి. జొన్నకంకి మీద వ్రాలు గిజిగాడు, జినువాయి, పిచ్చుక గింజలు తినుట నిజమే. కాని వీనిలో గిజిగాడు, పిచ్చుక వంటివి పిల్లలను పెంచు వారములలో గింజ పెట్టవు, పురుగులనే తెచ్చి పెట్టును. ఆ పురుగులు రైతు చేనివే. కంకులు పాలు పట్టునప్పుడు మంచె మీది వడిసెల ఎంత అవసరమో, గూళ్ళు కట్టు కాలమున ఆ పక్షులు ఉండుట అంతే అవసరమని లెక్క తేలును. మోదుగ, బూరుగు వంటి చెట్ల పూలకు పక్షులు చేయు ఉపకారమును గూర్చి కూడ ఆయన 1932లోనే ఒక వ్యాసము ప్రచురించినారు.

ఇక మన ప్రాంతమునకు వచ్చుదము. నిజాము రాజ్యములో ఏ పక్షులు కలవో అంతవరకు క్రమముగా లెక్క తీసినవారు లేరు. ప్రక్కనున్న మద్రాసు రాజధానిలో తూర్పు కనుమల సర్వే జరిగినది గాని కృష్ణకు ఈవలి ఒడ్డు ఖాళీగా మిగిలినది. సలీం అలీ ప్రకృతి శాస్త్ర సంఘము ద్వారా నిజాము ప్రభుత్వమునకు ఒక ప్రతిపాదన పంపినారు. తనకు జీతము అక్కరలేదు, ప్రయాణపు ఖర్చులు, బస ఏర్పాట్లు మాత్రము చాలును. ప్రభుత్వము అంగీకరించినది. తెహ్మీనా బేగంతో కూడ బయలుదేరి, ఎడ్లబండ్ల మీద గుడారములు వేసికొని, ఒక్కొక్క మజిలీలో కొన్ని దినములు నిలిచి తిరిగినారు. బొంబాయిలో సుఖముగా పెరిగి ఇంగ్లండులో చదువుకొన్న ఆ ఇల్లాలు అడవిలో దీపపు వెలుతురున సంసారము నడపిన విధమును ఆయన తన స్వీయచరిత్రలో కృతజ్ఞతతో తలచుకొన్నారు. పక్షులను గూర్చి ఆమెకు మొదట ఆసక్తి లేకున్నను, భర్త ఆసక్తిని తనదిగా చేసికొన్నది.

ఫరహాబాదు అనగా ఉల్లాసమునకు ఉనికిపట్టు. నల్లమల పైభాగమున ఉన్న ఆ చల్లని స్థలము నిజాముల వేట విడిది. మన్ననూరు దానికి వాకిలి. చుట్టును చెంచుల పెంటలు. ఆ సర్వేలో ఆయన దినచర్య ఇట్లుండెడిది. తెల్లవారకముందే లేచి నడక. ఎండ ముదిరిన తరువాత గుడారమున కూర్చుండి, ఉదయము కొట్టిన పక్షుల తోళ్ళను ఒలిచి, సంఖియా పూసి, దూది కూరి, కాలికి చీటి కట్టుట. చీటి మీద ఊరిపేరు, తేదీ, ఆడుదో మగదో, కడుపులో దొరికిన తిండి ఏమిటో వ్రాయుట. ఎంత చిన్న పక్షి అయినను ఈ పని తప్పదు. కడుపులో గింజలా, పురుగులా, పండ్లా అను ఆ చిన్న వివరమే తరువాత ఆ పక్షి జీవితకథకు ఆధారమగును. సర్వే ఫలితములు 1933, 1934 సంవత్సరములలో సంఘపు పత్రికలో భాగములుగా వెలువడినవి. పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసిన హ్యూ విస్లర్ వానికి వివరణలు చేర్చినాడు. మన అడవుల పక్షులను గూర్చి నేటికిని ఎవరు వ్రాయదలచినను మొదట తెరువవలసిన పుటలు అవియే.

చదువరులలో ఒక సందేహము కలుగవచ్చును. పక్షుల ప్రేమికుడు పక్షులను తుపాకితో కొట్టుటేమి? ఈ ప్రశ్నను ఆయన తప్పించుకొనలేదు. చేతిలో పక్షి లేనిదే జాతుల మధ్య సూక్ష్మభేదములు తెలియవని, తెలియనిదానిని కాపాడలేమని ఆయన వాదము. నాకు ఈ సమాధానము పూర్తిగా తృప్తి నీయదు. కాని ఆ కాలమున మంచి దుర్భిణులు, కెమెరాలు సామాన్యులకు అందుబాటులో లేవనునది నిజము. దొరలు, నవాబులు వినోదమునకు ఒక్క ఉదయమున కొట్టిన బాతులతో పోల్చిన, ఆయన సేకరణ లెక్కలోనిది కాదు. భరత్‌పూరులో రాజులు బాతులను వేటాడు చెరువులను పక్షులకే విడిపించుటకు పట్టుబట్టినవారు కూడ ఆయనయే.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, భోపాల్, గ్వాలియర్ మొదలగు సంస్థానములలో అదేవిధముగా సర్వేలు సాగినవి. 1939లో చిన్న శస్త్రచికిత్స వికటించి తెహ్మీనా బేగం మరణించినది. ఆయన మరల వివాహము చేసికొనలేదు. సోదరి కమూ యింట ఉండి పని కొనసాగించినారు. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల పుస్తకము బొమ్మలతో కూడి, సామాన్యుడు చేతబట్టుకొని చెట్టు క్రింద నిలిచి పక్షి పేరు తెలిసికొనుటకు వీలైన గ్రంథము. ఎన్నో దశాబ్దములు కనబడక పోయిన ఫిన్ గిజిగానిని కుమావూ తరాయి ప్రాంతమున తిరిగి కనుగొన్నారు. అమెరికా పండితుడు డిల్లాన్ రిప్లీతో కలిసి 1968 నుండి 1974 వరకు పది సంపుటముల మహాగ్రంథము పూర్తిచేసినారు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ప్రకృతి శాస్త్ర సంఘము డబ్బు లేక మూతపడనుండగా నెహ్రూకు వ్రాసి సహాయము తెప్పించినారు. మోటారు సైకిళ్ళనిన ప్రాణము. 1950లో స్వీడనులో జరిగిన ప్రపంచ పక్షిశాస్త్ర మహాసభకు తన మోటారు సైకిలు మీదనే చేరినారు. అప్పటికి వయస్సు 53!

పద్మభూషణ్ 1958లో, పద్మవిభూషణ్ 1976లో లభించినవి. 1985లో రాజ్యసభకు నామనిర్దేశము జరిగినది. పట్టము లేదని ఉద్యోగము నిరాకరింపబడిన మనిషికి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయము 1958లోను, ఢిల్లీ విశ్వవిద్యాలయము 1973లోను, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1978లోను గౌరవ డాక్టరేటులు ఇచ్చినవి.

అన్నియు ఆయన కోరినట్లు జరుగలేదు. బట్టమేక పిట్టను జాతీయ పక్షిగా చేసిన దాని రక్షణకు దేశము పూనుకొనునని ఆయన ఆశించినారు. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. మన గద్వాల, ఆలంపూరులకు ఆవలి ఒడ్డున, నందికొట్కూరు సమీపమున రోళ్ళపాడు గడ్డిబయళ్ళలో బట్టమేకల కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినది గాని ఆ పక్షులు అక్కడ దాదాపు కనుమరుగైనవి. దీనికి భిన్నమైన వార్త ఒకటి ఆయన చివరి దినములలో వచ్చినది. 1900 తరువాత ఎవరికిని కనబడని కలివికోడిని 1986లో ఆయన సంఘమునకు చెందిన పరిశోధకులు కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద స్థానిక వేటగాని సహాయముతో కనుగొన్నారు. గ్రంథములు చెప్పలేనిదానిని ఆ వేటగాడు రాత్రిపూట దీపపు వెలుగులో చూపినాడు.

1987 జూన్ 20వ తేదీన సలీం అలీ 90 సంవత్సరముల వయస్సున బొంబాయిలో మరణించినారు. 1990లో కోయంబత్తూరు వద్ద ఆయన పేరిట పక్షిశాస్త్ర పరిశోధనా కేంద్రము వెలసినది.

ఆయన తిరిగిన అమ్రాబాదు అడవి 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షితారణ్యములో భాగమై, రాష్ట్ర విభజన తరువాత అమ్రాబాదు పులుల రక్షితారణ్యముగా వేరైనది. అదే అడవిలో యురేనియం అన్వేషణ జరుగనున్నదని తెలిసి 2019లో అచ్చంపేట, అమ్రాబాదు ప్రజలు వీధులకు వచ్చినారు. ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానము చేసినది. చెంచులు నేటికిని వెదురు పూచిన యేడు వెదురు బియ్యము ఏరుకొందురు. వెదురు అనేక సంవత్సరముల కొకసారి ఒక్కుమ్మడిగా పూచి, గింజ రాల్చి, చనిపోవును. ఆ గింజలకు మనుష్యులు, ఎలుకలు, అడవికోళ్ళు, ఉత్తరము నుండి వచ్చిన ఆ ఎర్రతల అతిథులు అందరు పోటీదారులే. ఆ పక్షి గింజను అంగిలిలోని గాడిలో నిలిపి, దవడతో నొక్కి, నాలుకతో త్రిప్పుచు పొట్టు విడదీయు నైపుణ్యమును దుర్భిణితో చూచిన తెలియును.

తరువాతి వారము సలీం అలీ పక్షుల పుస్తకమును మా గ్రంథాలయము నుండి తెప్పించి, ఎర్రతల పక్షి బొమ్మ ఉన్న పుట తెరచి తరగతిలో బల్ల బల్లకు పంపినాను. ఈసారి ఎవ్వరును నవ్వలేదు. పుస్తకము చివరి బల్లకు చేరిన తరువాత తిరిగి రాలేదు. నెల దాటినదని గ్రంథపాలకులు నన్ను అడుగుచున్నారు. ఆ విద్యార్థి సంక్రాంతి సెలవులకు దానిని తాతకు చూపుటకు తీసికొనిపోయినాడని తెలిసినది. జరిమానా నా పేర వ్రాయుమని చెప్పినాను.